ఇంటి వెనక పొలంలో ట్రావెలర్ కారవాన్లు: ఇంగ్లండ్ ప్లానింగ్‌లో ఏ అభ్యంతరం నిలుస్తుంది, ఏది నిలవదు

మీరడిగింది ఇదీ. ఇంగ్లండ్‌లో ఒక పల్లెలో ఇల్లు, దాని పక్కనే రెండెకరాల ప్యాడాక్ (గుర్రాల్లాంటివి మేపుకునే కంచె పొలం) కొనుక్కున్నారు. బ్యాంక్ హాలిడే ముందు శుక్రవారం సాయంత్రం వెనక పొలంలోకి లారీలొచ్చాయి. మంగళవారం పొద్దుటికల్లా కంకర పరిచేసి, నాలుగు ట్రావెలర్ (సంచార సమూహాల) కుటుంబాలు కారవాన్లతో, అంటే లాక్కెళ్లే ఇళ్లతో, దిగిపోయాయి. పొలం వాళ్లు కొనుక్కున్నదే. కౌన్సిల్‌లో రెట్రాస్పెక్టివ్ అప్లికేషన్ (పని అయ్యాక అనుమతి అడిగే దరఖాస్తు) కూడా పడింది. ఊరి వాట్సాప్ గ్రూపులో పిటిషన్ తిరుగుతోంది, మీ సంతకం అడుగుతున్నారు. సంతకం పెట్టాలా, విడిగా రాస్తే ఏం రాయాలి, రేపు మీ ప్యాడాక్‌లోకే ఎవరైనా వస్తే ఏం చెయ్యాలి?

నేను చెప్పేది ఇంగ్లండ్ వరకే. స్కాట్లండ్, వేల్స్‌లలో విధానాలు వేరు.

ముందు ఒక తేడా తెలియాలి. వేరొకరి భూమిలో అనుమతి లేకుండా దిగడం ఒకటి. సొంత భూమిలో ప్లానింగ్ పర్మిషన్ లేకుండా నివాసం పెట్టడం ఇంకొకటి. మొదటిది అక్రమ ప్రవేశం, దానికి పోలీసులు, సివిల్ కోర్టు ఉన్నారు. రెండోది ప్లానింగ్ ఉల్లంఘన. అది దానంతట అదే నేరం కాదు, పోలీసులకు ఫోన్ చేసి లాభం లేదు. మన దగ్గర పట్టా ఉన్నా పొలంలో అనుమతి లేకుండా లేఅవుట్ వెయ్యకూడదన్నట్టే, ఇక్కడా యాజమాన్యం వేరు, వినియోగం వేరు. ఒక్కటే తేడా: ఇక్కడ ఫీజు కట్టినంత మాత్రాన మార్పు రాదు, కౌన్సిల్ మంచీ చెడూ తూచి నిర్ణయిస్తుంది. మీ వెనక జరిగింది రెండోది.

వాళ్లు ఇలా ఎందుకు చేస్తారన్నది అర్థం కాకపోతే మీ ఉత్తరం గురి తప్పుతుంది. 1960 నాటి కారవాన్ సైట్స్ చట్టం వచ్చాక రైతుల పొలాల్లో ఆగే పాత ఏర్పాట్లు చాలావరకు మూతపడ్డాయి. 1968 చట్టం స్థానిక కౌన్సిళ్లే సైట్లు కట్టాలంది. 1994లో ఆ బాధ్యతను తీసేసి, ట్రావెలర్లు సొంతంగా భూమి కొనుక్కుని అనుమతి తెచ్చుకోవాలన్నారు. అయితే ఊళ్లో ఇల్లు కట్టే స్థలం ధర వాళ్లకు అందదు, అందేది ఊరి బయటి పొలమే. ఆ పొలంలో నివాసానికి అనుమతి దొరకడం కష్టం. 2011 అక్టోబరు 19న ఎసెక్స్‌లోని డేల్ ఫార్మ్‌లో జరిగిన ఖాళీ చేయింపు దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. పదేళ్ల వ్యాజ్యం, లక్షల పౌండ్ల ప్రజాధనం ఖర్చయ్యాక కూడా చాలా కుటుంబాలు పక్క రోడ్డు మీదే మిగిలాయి.

ఇప్పుడు అసలు లెక్క. ఈ అప్లికేషన్ మీద తీర్పు ఎక్కువగా ఆధారపడేది ఊళ్లో ఎంతమంది వద్దన్నారన్న దాని మీద కాదు, మీ కౌన్సిల్ దగ్గర ఎన్ని పిచ్‌లు ఉన్నాయన్న దాని మీద. పిచ్ అంటే ఒక కుటుంబానికి సరిపడే జాగా: సాధారణంగా ఒక స్టాటిక్ కారవాన్ (ఒకేచోట ఉంచే పెద్దది), ఒక టూరింగ్ కారవాన్ (కారుతో లాక్కెళ్లేది), స్నానాలకూ వంటకూ చిన్న డేరూమ్, రెండు వాహనాలకు చోటు. ప్రతి కౌన్సిల్ జీటీఏఏ అనే ట్రావెలర్ల నివాస అవసరాల అధ్యయనం చేయించాలి. రాబోయే ఐదేళ్లకు సరిపడా పిచ్‌లు ఎక్కడ ఇస్తుందో చూపాలి. ఆ నియమాలున్న పత్రం పేరు ప్లానింగ్ పాలసీ ఫర్ ట్రావెలర్ సైట్స్. 2012లో మొదలైంది, 2015 ఆగస్టులోనూ 2023, 2024 డిసెంబరుల్లోనూ మారింది. మీరు రాసే రోజుకు అమల్లో ఉన్న ప్రతి ఏదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పాత పేరా నంబర్లు ఉదహరించిన ఉత్తరాన్ని దరఖాస్తుదారుడి ఏజెంటు ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు.

2024 డిసెంబరు ప్రతి ప్రకారం, ఐదేళ్ల సరఫరా చూపలేని కౌన్సిల్‌లో తూకం దరఖాస్తుదారు వైపు ఒరుగుతుంది. నష్టాలు ప్రయోజనాలను గణనీయంగా, రుజువుతో సహా మించితే తప్ప అనుమతి ఇవ్వాల్సిందే. గ్రీన్ బెల్ట్ (పట్టణాలు పాకిపోకుండా ఖాళీగా ఉంచే పట్టీ), నేషనల్ లాండ్‌స్కేప్ (ప్రకృతి అందం కోసం కాపాడే ప్రాంతం), వరద ప్రాంతం లాంటి చోట్ల ఆ రక్షణ విధానాలే గట్టి కారణంగా నిలిస్తే ఇది వర్తించదు. గ్రీన్ బెల్ట్ అనగానే నిశ్చింతగా ఉండకండి. అదే నెలలో వచ్చిన గ్రే బెల్ట్ నిబంధన ట్రావెలర్ సైట్లకూ వర్తిస్తుంది. పొలం గ్రీన్ బెల్ట్ ప్రధాన ఉద్దేశాలకు బలంగా తోడ్పడకపోతే, పిచ్‌ల కొరత ఉంటే, చోటు రవాణాకు అనువైనదైతే, ఒకప్పుడు తోసిపుచ్చే దరఖాస్తులు ఇప్పుడు గెలవొచ్చు.

అందుకే మీరు మొదట తెరవాల్సింది వాట్సాప్ కాదు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని తాజా జీటీఏఏ, దాంతోపాటు ఆ అప్లికేషన్ ఫైలు. అప్లికేషన్‌లో రెడ్ లైన్ మ్యాప్ (సైట్ హద్దును ఎర్రగీతతో చూపేది), సైట్ ప్లాన్, ప్లానింగ్ స్టేట్‌మెంట్ చదవండి. అభిప్రాయాలకు గడువు మామూలుగా 21 రోజులు. నిర్ణయం అయ్యేదాకా వచ్చిన ఉత్తరాలను చాలా కౌన్సిళ్లు తీసుకుంటాయి, కానీ ఆ భరోసాతో ఆలస్యం చెయ్యకండి.

పిటిషన్ సంగతి: వంద సంతకాలున్నా దాన్ని ఒకే అభిప్రాయంగా లెక్కించే కౌన్సిళ్లు ఉన్నాయి. అదీగాక మీరు రాయని వాక్యాల కింద మీ పేరు పడుతుంది. రోమానీ జిప్సీలు, ఐరిష్ ట్రావెలర్లు చట్టం దృష్టిలో జాతి సమూహాలు, 2010 ఈక్వాలిటీ చట్టం వాళ్లను కాపాడుతుంది. "ఇలాంటివాళ్లు వస్తే దొంగతనాలు" తరహా ఉత్తరాలను కౌన్సిల్ పక్కన పెట్టేస్తుంది, కొన్నిసార్లు వాటితోపాటు మొత్తం అభ్యంతరాల విశ్వసనీయతే పోతుంది. పరాయి దేశంలో ఇల్లు కొనుక్కుని, మనల్ని చూసి ఇరుగుపొరుగు ఇలాంటి మాటలే అనుకుంటే ఎలా ఉంటుందో మనవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. సంతకం పెట్టకండి. మీ ఉత్తరం మీరే రాయండి.

పనికిరాని వాదనలు త్వరగా చెప్పేస్తాను. ఇళ్ల ధర పడిపోతుందన్నది ప్లానింగ్‌లో లెక్కలోకి రాదు. "వీళ్లు ఈ జిల్లా వాళ్లు కారు" అన్నదీ అంతే, స్థానిక సంబంధం లేనివాళ్ల దరఖాస్తులనూ పరిశీలించాలని విధానమే చెప్తోంది. ఊరికీ సైట్‌కీ దూరం ఎక్కువన్న వాదన మామూలు ఇళ్లకు పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాదు. స్థిర నివాసం దొరికితే దూరప్రయాణాలు తగ్గుతాయి, పిల్లలు బడికి పోతారు, డాక్టరు దొరుకుతాడు అన్నది విధానం ఒప్పుకున్న ప్రయోజనం. "ముందు కట్టి తరవాత అడిగారు కాబట్టి తిరస్కరించండి" అన్నదానికి కొంత బరువుంది. కావాలని చేసిన అనధికార నిర్మాణాన్ని పరిగణించవచ్చని 2015 ఆగస్టు 31న మంత్రి ప్రకటన వచ్చింది. అయితే రెట్రాస్పెక్టివ్‌గా అడగడం చట్టబద్ధమే, ఆ ఒక్క కారణంతో తిరస్కరణ నిలబడడం అరుదు.

నిలిచే వాదనలు నేలకు సంబంధించినవి. అన్నిటికంటే ముందు గేటు చూడండి. గేటు నుంచి రోడ్డు రెండు వైపులా ఎంత కనబడుతోందన్నది కొలిచే విషయం. రోడ్డు అంచు నుంచి 2.4 మీటర్లు లోపల నిలబడితే, వాహనాలు గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్లే రోడ్డుకు 43 మీటర్లు, 60 మైళ్ల రోడ్డుకు 215 మీటర్లు కనపడాలి. ఇక్కడ లెక్క బోర్డు మీది పరిమితిది కాదు, నిజంగా నడిచే వేగానిది. అందుకే దరఖాస్తులో స్పీడ్ సర్వే ఉందా లేదా అడగండి. ఇంకో విషయం, పొలం యజమానులు చాలామంది గమనించనిది: ఆ చూపు గీత పక్కవాళ్ల కంచె మీదుగా పోతే, ఆ కంచె కొట్టే హక్కు దరఖాస్తుదారుడికి లేదు. మీ ప్యాడాక్ హెడ్జ్ (మొక్కల కంచె) ఆ గీతలో పడుతోందేమో టేపు పట్టుకుని కొలవండి. పడుతుంటే ఆ మాట కొలతతో సహా రాయండి, హైవే అధికారి తప్పక చూస్తాడు. గేటు రోడ్డుకు మరీ దగ్గరగా ఉంటే కారూ దాని వెనక కారవానూ రోడ్డు మీదే ఆగాలి. స్టాటిక్ కారవాన్ లో-లోడర్ (తక్కువ ఎత్తున్న పొడవాటి లారీ) మీద వస్తుంది కాబట్టి మలుపు సరిపోతుందా అన్నదీ ప్రశ్నే.

తర్వాత మురుగునీరు. ఫారంలో "ప్యాకేజ్ ట్రీట్‌మెంట్ ప్లాంట్" (మురుగును అక్కడే శుద్ధి చేసే చిన్న ప్లాంటు) అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. లెక్క మీరు వెయ్యండి. నాలుగు పిచ్‌లు, పిచ్‌కు ఐదుగురు, మనిషికి రోజుకు 150 లీటర్లు అనుకుంటే 3,000 లీటర్లు. పర్మిట్ లేకుండా భూమిలోకి వదలగలిగిన పరిమితి రోజుకు 2,000 లీటర్లు. అంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ పర్మిట్ కావాలి. మీది బంకమన్ను నేలైతే పర్కొలేషన్ పరీక్ష (నేలలో నీరు ఎంత వేగంగా ఇంకుతుందో చూసేది) ఫలితం అడగండి. ఇంకుడు విలువ, అంటే నీరు ఒక మిల్లీమీటరు దిగడానికి పట్టే సెకన్లు, 15కీ 100కీ మధ్య లేకపోతే డ్రెయినేజ్ ఫీల్డ్ (నీటిని నేలలోకి ఇంకించే గొట్టాల వరస) పనిచెయ్యదు. ఇలాంటి నేలలో మొదటి చలికాలానికే నీళ్లు పైకి తేలి పక్క పొలంలోకి పారతాయి, ఆ పక్క పొలం మీది. వాగులోకి వదులుతామంటే వేరే పరిమితి ఉంటుంది, సెప్టిక్ ట్యాంక్ నీటిని నేరుగా వాగులోకి వదలడం అసలు కుదరదు.

వరద మ్యాపు చూడడం ఐదు నిమిషాల పని. శాశ్వత నివాసపు కారవాన్లను అత్యంత ప్రమాదకర వర్గంలో పెట్టారు. ఫ్లడ్ జోన్ 3లో వాటికి అనుమతి ఉండకూడదు, జోన్ 2లో అదనపు పరీక్ష నెగ్గాలి. పొలం జోన్ 3లో ఉంటే మిగతా ఉత్తరం పొట్టిగా రాసినా పరవాలేదు.

పరిమాణం గురించి రాసేటప్పుడు విధానం వాడిన మాటలే పట్టుకోండి: ఊళ్లకు దూరంగా, బహిరంగ గ్రామీణ ప్రాంతంలో కొత్త సైట్లను చాలా కఠినంగా పరిమితం చెయ్యాలి, సైట్ దగ్గరి ఊరిని మించిపోకూడదు, అక్కడి సదుపాయాల మీద అతి భారం పడకూడదు. పదిహేను ఇళ్ల ఊరి పక్కన ఇప్పటికే రెండు సైట్లుంటే ఆ లెక్క చెప్పండి. మూడొందల ఇళ్ల ఊరి పక్కన నాలుగు పిచ్‌లు ఊరిని మించిపోతాయంటే ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు ఈ వాదన వదిలేసి, ప్లాన్‌లో కారవాన్ల మధ్య ఆరు మీటర్ల ఎడం ఉందా, నిప్పంటుకుంటే ఫైరింజన్ తిరిగే చోటుందా అని చూడండి. కారవాన్ సైట్ లైసెన్సు షరతుల్లో ఆ ఆరు మీటర్లు తప్పకుండా అడుగుతారు. ఒక స్టాటిక్‌ను చట్టం కారవాన్‌గా ఒప్పుకునేది 20 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు, లోపల 3.05 మీటర్ల ఎత్తు దాకానే. ప్లాన్‌లో గీసిన పెట్టె అంతకు మించితే అది భవనం.

అనుమతి వచ్చే అవకాశమే ఎక్కువనిపిస్తే మీ ఉత్తరంలో సగం షరతులకు కేటాయించండి. ఊళ్లో "పూర్తి తిరస్కరణ తప్ప ఇంకేమీ మాట్లాడం" అని కూర్చున్నవాళ్లు చివరికి షరతుల్లేని అనుమతి పక్కన బతకాల్సి వస్తుంది. పిచ్‌ల సంఖ్య, ఒక్కోదానిలో గరిష్ఠ కారవాన్ల సంఖ్య, 3.5 టన్నులకు మించిన వాహనాలు నిలపకూడదని, వ్యాపార కార్యకలాపాలూ సామాన్ల నిల్వా వద్దని, లైట్లు కిందికే వెలగాలని, మురుగు వివరాలు మూడు నెలల్లో ఆమోదం పొందకపోతే వాడకం ఆగిపోవాలని అడగొచ్చు. ఎత్తైన చెక్క కంచె మాత్రం అడగకండి. గోడల వెనక ఆ మనుషుల్ని వెలివేసినట్టు కనపడకూడదని విధానమే అంటోంది. హెడ్జ్ అడగండి: హాథార్న్, బ్లాక్‌థార్న్, హేజెల్ లాంటి స్థానిక మొక్కలు, రెండు వరసల్లో ఎడం మార్చి, మీటరుకు ఐదు చొప్పున, ఐదేళ్లలో చచ్చినవాటి స్థానంలో కొత్తవి నాటాలన్న మాటతో. లేలాండీ (వేగంగా పెరిగే ఒక సైప్రస్ చెట్టు) వరస పల్లెలో పరాయిగా కనపడుతుంది, వద్దు.

కౌన్సిల్ చేతిలో ఏముందో కూడా తెలిసుండాలి, లేకపోతే "ఎందుకు బుల్డోజర్ తేరు" అని రోజూ ఫోన్ చేసి అధికారిని విసిగిస్తారు. పని ఇంకా సాగుతుంటే టెంపరరీ స్టాప్ నోటీసు ఇవ్వొచ్చు, 2024 ఏప్రిల్ నుంచి అది 56 రోజులు నడుస్తుంది. అంటే మొదటి వారాంతంలోనే, ఫొటోలతో, తేదీ సమయంతో ఫిర్యాదు చేస్తే దానికి విలువ. అందరూ దిగి స్థిరపడ్డాక ఫిర్యాదు చేస్తే ఆ ఆయుధం మొద్దుబారుతుంది. ఉల్లంఘనను సరిచెయ్యమనే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు అమల్లోకి రావడానికి కనీసం 28 రోజులు పడుతుంది, ఆ లోపల అప్పీలు చేస్తే నోటీసు ఆగిపోతుంది. ఖాళీ చెయ్యడానికి గడువు నెలలకొద్దీ ఇస్తారు. హైకోర్టు ఇంజంక్షన్ ఉంది గానీ, 2003లో సౌత్ బక్స్ వర్సెస్ పోర్టర్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పినట్టు, వాళ్లను ఇళ్లలోంచి కదిలించడం సమంజసమేనా అని జడ్జి స్వయంగా తూచాలి. పిల్లల శ్రేయస్సు ఆ తూకంలో మొదటి వరసలో ఉంటుంది. పదేళ్లు ఎవరూ చర్య తీసుకోకపోతే మాత్రం ఉల్లంఘనకు రక్షణ వచ్చేస్తుంది.

కమిటీలో జరిగే పొరపాటొకటి తరచూ చూస్తాం. ఆఫీసర్ అనుమతి సిఫారసు చేస్తాడు, గది నిండా జనం చూసి కౌన్సిలర్లు ఆధారం లేని కారణాలతో తిరస్కరిస్తారు. అప్పీల్లో ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ అనుమతి ఇవ్వడమే కాక, కౌన్సిల్ అసమంజసంగా ప్రవర్తించిందని తేలితే అవతలి వాళ్ల ఖర్చులు కూడా కట్టమంటాడు. ఆ డబ్బు మీ కౌన్సిల్ టాక్సే. మీకు కమిటీలో మాట్లాడే అవకాశం వస్తే, మామూలుగా ఇచ్చేది మూడు నిమిషాలు, చూపు గీత కొలతా మురుగు లెక్కా చెప్పి కూర్చోండి. తిరస్కరణ కారణానికి అంకె దొరికితే అప్పీల్లో అదే నిలబడుతుంది. అప్పీలు హక్కు దరఖాస్తుదారుడికే ఉంది, పక్కింటివాళ్లకు లేదు. అనుమతి వస్తే మీకు మిగిలేది జుడీషియల్ రివ్యూ, ఆరు వారాల లోపు. అది కూడా నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అన్నదే చూస్తుంది, నచ్చిందా అన్నది కాదు. పర్యావరణ కేసుగా లెక్కకొస్తే, ఓడినప్పుడు మీరు కట్టాల్సిన అవతలివాళ్ల ఖర్చుకు ఒక వ్యక్తికి 5,000 పౌండ్ల పరిమితి ఉంటుంది. మీ లాయరు ఫీజు వేరే.

ఒక పక్కదారి కూడా చూడండి: ఆ పొలం టైటిల్ రిజిస్టర్ (యాజమాన్య రికార్డు). ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. "వ్యవసాయానికి తప్ప వాడరాదు" అన్న కవనెంట్ (భూమిని అంటిపెట్టుకుని ఉండే షరతు) ఉండి, దాని లాభం మీ భూమికి చెందితే, ప్లానింగ్ అనుమతి వచ్చినా అది రద్దు కాదు. గడిచే ప్రతి నెలా మీ పట్టు తగ్గుతుంది కాబట్టి ఈ వారమే సొలిసిటర్‌కు చూపించండి.

ఇక మీ ప్యాడాక్. రేపు అనుకోకుండా ఎవరైనా దిగితే గొడవకు వెళ్లొద్దు. వెళ్లి మర్యాదగా ఖాళీ చెయ్యమని అడగండి, తేదీ సమయం రాసుకోండి. అలా అడగడం చట్టపరంగా కూడా మొదటి మెట్టు. 1994 క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం సెక్షన్ 61 కింద పోలీసులు వెళ్లిపొమ్మని ఆదేశించాలంటే ఇద్దరో అంతకన్నా ఎక్కువ మందో ఉండాలి, మీరు అడిగుండాలి, దానికితోడు నష్టమో బెదిరింపో జరిగుండాలి లేదా ఆరు వాహనాలుండాలి. 2022 జూన్ 28 నుంచి గణనీయమైన నష్టం, అంతరాయం, ఆందోళన కలిగిస్తూ పొమ్మన్నా పోకపోవడం నేరం కూడా. పోలీసులు కదలకపోతే కౌంటీ కోర్టులో పొసెషన్ కేసు (భూమి తిరిగి అప్పగించమనే దావా). ఇళ్లు లేని భూమికి విచారణకు కనీసం రెండు రోజుల ముందు నోటీసు అందితే చాలు, కాబట్టి ఇది చాలామంది భయపడేంత నిదానం కాదు. అక్కడ పసిపిల్లలు, గర్భిణులు, జబ్బుపడ్డవాళ్లు ఉంటే కౌన్సిల్ ట్రావెలర్ లైజన్ ఆఫీసర్‌కు చెప్పండి. రెండు రోజులు ఆగితే వాళ్లే కదిలే సందర్భాలు చాలా ఉంటాయి.

ముందు జాగ్రత్త సాదా పనే. గేటు పై కీలును తలకిందులుగా బిగించండి, అప్పుడు తాళం ఉన్నా గేటును పైకెత్తి తియ్యడం కుదరదు. గేటు వెనక పెద్ద బండలైనా, మట్టికట్టైనా వెయ్యండి. పబ్లిక్ ఫుట్‌పాత్‌ను మాత్రం ముయ్యకూడదు. ప్రైవేటు భూమిలో ఎవరు చెత్త పోసినా ఎత్తించే ఖర్చు యజమానిదే కాబట్టి ఈ పనికి పెట్టిన డబ్బు వృథా కాదు.

ప్యాడాక్ ఎప్పటికైనా అమ్మాలనుకుంటే, "ట్రావెలర్లకు అమ్మం" అన్న మాట ఏజెంటుతో కూడా అనకండి. జాతి కారణంగా అమ్మకం నిరాకరించడం చట్టవిరుద్ధం. ఎవరు కొన్నా వర్తించే వినియోగ కవనెంట్ పెట్టడం మాత్రం మీ హక్కు. మీ ఇంటి భూమికి లాభం చేకూరేలా సొలిసిటర్‌తో రాయించండి.

చివరిగా, మీ కౌన్సిల్ లోకల్ ప్లాన్ (ఎక్కడ ఏం కట్టాలో చెప్పే ప్రణాళిక) ఏ దశలో ఉందో చూసుకోండి. "కాల్ ఫర్ సైట్స్" (స్థలాలు ప్రతిపాదించమని కౌన్సిల్ ఇచ్చే పిలుపు) తెరిచి ఉంటే, ఊరికి దగ్గరగా, మంచి రోడ్డు మీద, వరద లేని భూమి ఉన్న యజమానులు ట్రావెలర్ పిచ్‌ల కోసం కూడా దాన్ని ప్రతిపాదించవచ్చు. రెడ్ లైన్ మ్యాపు, యాజమాన్య వివరం, దారి ఎక్కడి నుంచో చూపే ఫారం, అంతే. పారిష్ కౌన్సిల్ (ఊరి స్థాయి కౌన్సిల్) తన అభ్యంతరాల ఉత్తరంతో పాటు ఇలాంటి ఒక చోటు పేరు కూడా పంపితే, అధికారులు ఆ ఉత్తరాన్ని వేరేలా చదువుతారు. ఆ కుటుంబాలకు వెళ్లడానికి నిజంగా ఒక చోటు కనపడితేనే మీ వెనక పొలం అప్పీల్లో "ప్రత్యామ్నాయం లేదు" అన్న వాదన బలహీనపడుతుంది.